పెట్టె అందించిన స్వరం

మాట మొదలుపెట్టే ముందు ఏబెల్ ఎడమ చెయ్యి కొంచెం ముందుకు వెళ్ళి వెనక్కి వస్తుంది. అరచెయ్యి నిలువుగా, వేళ్ళు దగ్గరగా, కనిపించని తలుపును మెల్లగా తోసి లాగినట్టు. హార్మోనియం వెనక తిత్తిని అరవై ఏళ్ళు ఆడించిన చెయ్యి అది. గాలి నిండందే స్వరం రాదని దానికి తెలుసు. టీ కొట్లో టీ చెప్పాలన్నా, బస్సులో టికెట్టు అడగాలన్నా ముందు ఆ చెయ్యి కదలాలి. ఆ తర్వాతే మాట.

తిరువూరులో ఆయన్ని హార్మోనిస్టు ఏబెల్ అంటారు. ముప్పై మూడేళ్ళు సమితి ఆఫీసులో అటెండరుగా పనిచేశాడు. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు డెబ్భై రెండేళ్ళు. భార్య ప్రేమావతి పోయి ఆరేళ్ళయింది. కూతురు గ్లోరి హైస్కూల్లో టీచరు. ఆమె ఇంట్లోనే ముందుగదిలో ఉంటాడు. ఆ గదిలో ఒక మంచం, ఒక బైబిలు, ఒక హార్మోనియం. హార్మోనియాన్ని ఆయన పెట్టె అంటాడు. ఆ పనిలో ఉన్నవాళ్ళంతా అలాగే అంటారు.

పదేళ్ళ వయసులో చర్చిలో పాస్టరమ్మగారి దగ్గర నేర్చుకున్నాడు. ఆదివారం ఆరాధనలో వాయించేవాడు. పంట చేతికొచ్చాక, ఎండాకాలం మొదలయ్యాక, ఊళ్ళలో పద్యనాటకాలు ఆడేవాళ్ళు. వాటికీ వాయించేవాడు. కీర్తనకూ పద్యానికీ పెట్టె ఒకటేనని పాస్టరుగారికి ఒకసారి చెప్పాడు. పాస్టరుగారు నవ్వి ఊరుకున్నారు.

పద్యనాటకంలో హార్మోనిస్టు పని వెంట వాయించడం ఒక్కటే కాదు. పద్యం ముగిశాక నటుడు రాగం తీస్తాడు. ఊపిరి ఉన్నంతసేపు తీస్తాడు. పైకి పోయేకొద్దీ ఏ స్వరం మీద నిలబడాలో పెట్టె ఒక రెప్పపాటు ముందు చూపిస్తుంది. అందించడం అంటారు దాన్ని. నటుడు అటు చూడడు. జనం వైపు చూస్తూనే అందుకుంటాడు.

అలా అందుకోవడంలో ఏడుకొండలును మించినవాడు లేడు. నాలుగున్నర శ్రుతిలో పాడేవాడు. మగగొంతుకు అది ఎత్తు. రాజు కిరీటం పెట్టుకుని, కొడుకును పోగొట్టుకున్న తండ్రి పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో చుట్టలు ఆరిపోయేవి. ఏబెల్ కంటే రెండేళ్ళు పెద్ద. ఇద్దరూ పదేళ్ళు కలిసి తిరిగారు. విస్సన్నపేట, రెడ్డిగూడెం, వినగడప, ఎక్కడ నాటకమైనా ఒకే సైకిలు. ఏడుకొండలు తొక్కేవాడు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఏబెల్ వెనక కూర్చునేవాడు.

"ఒరేయ్ ఏబెలూ, నువ్వు లేకపోతే నేను గుడ్డివాణ్ణిరా," అనేవాడు ఏడుకొండలు, ఎదురుగాలిలో అరుస్తూ.

"నువ్వు లేకపోతే నేను నడిచి పోవాలి. ముందు రోడ్డు చూడు," అనేవాడు ఏబెల్.

ఎనభై మూడులో మద్రాసు నుంచి ఒక చిన్న రికార్డుల కంపెనీ వాళ్ళు కబురు పెట్టారు. ఏడుకొండలు పద్యాన్ని రికార్డు వేస్తామన్నారు. ఇద్దరూ రైలెక్కి వెళ్ళారు. గోడలకు దుప్పట్లు కొట్టిన గదిలో, చల్లటి గాలిలో, ఒకే మైకు ముందు కూర్చోబెట్టారు. ఒక్కసారే పాడించారు. బయట ఇంకెవరో తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. నాలుగు నెలల తర్వాత రికార్డులు వచ్చాయి. సాసరంత చిన్నవి, నల్లగా మెరుస్తూ. ఏడుకొండలు పేరు ఒక్కటే ఉంది వాటి మీద. ఏబెల్ దానికి ఏమీ అనుకోలేదు. పెట్టె పేరు ఎవరు వేస్తారు?

మైకు సెట్ల వాళ్ళు కొని పెళ్ళిళ్ళలో వేశారు. చెట్టుకు కట్టిన గొట్టంలో పద్యం బాగానే వచ్చేది. రాగం చివర, అందరూ ఎదురుచూసే చోట, ఏడుకొండలు గొంతు పక్కకు తప్పి చీలిపోయేది. కోడిపుంజు కూతలో సగం తెగినట్టు. గొట్టంలో పెట్టె సరిగా వినపడదు. గొంతే వినపడుతుంది. పిల్లలు ఆ చీలికను నేర్చుకుని వీధుల్లో కూశారు. వినగడపలో నాటకం రోజు ఏడుకొండలు రాగం ఎత్తుకోకముందే జనంలోంచి ఎవడో ఆ కూత కూశాడు. పందిరంతా నవ్వింది. ఏడుకొండలు రాగం తీయకుండానే లోపలికి వచ్చేశాడు.

నాటక సమాజానికి పెద్ద సీతారామారావు. తెర వెనకాల ఇద్దర్నీ నిలబెట్టాడు.

"ఏంటయ్యా ఈ అప్రదిష్ట? రికార్డులో తప్పెవరిది?"

ఏబెల్ ఎడమ చెయ్యి ముందుకు వెళ్ళి వెనక్కి వచ్చింది.

"నా పెట్టె తప్పు చెప్పదండి."

ఏడుకొండలు ఏబెల్ వైపు చూశాడు. మొహాన రంగు ఇంకా ఉంది. కండువాతో మెల్లగా తుడుచుకున్నాడు.

"అవునండి. పెట్టె తప్పు చెప్పదు," అన్నాడు.

అంతే. తర్వాతి నాటకానికి రాజు వేషం ఇంకొకరికి ఇచ్చారు. ఏడుకొండలు మళ్ళీ ఏ వేషమూ అడగలేదు. బస్టాండు ఎదురుగా బడ్డీకొట్టు పెట్టి స్టౌలు, గొడుగులు బాగుచేశాడు. నలభై ఏళ్ళు చేశాడు.

ఏబెల్ రోజూ ఆ దారినే ఆఫీసుకు వెళ్ళేవాడు. బడ్డీ దగ్గరకు వచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడు. పగ అని అనుకోలేదు. ఏడుకొండలు తనంతట తనే ఒప్పుకున్నాడు కదా, ఇక మాట్లాడటానికి వాడే రావాలి అనుకున్నాడు.

"ఎదురుగా కూర్చునే మనిషే కదండీ. ఒకసారి పలకరిస్తే ఏం పోద్ది?" అనేది ప్రేమావతి.

"వాడు పలకరించొచ్చుగా."

"ఆయన చేతిలో స్టౌ ఉంటది. మీ చేతిలో ఏముంది?"

ఏబెల్ చెప్పులు వేసుకుని ఆఫీసుకు బయలుదేరేవాడు. తన వంతు రికార్డును ఏదో మైకు సెట్టు వాళ్ళు పట్టుకుపోయారు, తిరిగి ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. ఎక్కడైనా ఆ పద్యం మొదలైతే పని ఉన్నట్టు లేచి వెళ్ళేవాడు. రాగం దాకా ఎప్పుడూ కూర్చోలేదు.

ఈ ఏడాది మార్చిలో బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. నెరిసిన గడ్డంతో ఏడుకొండలు ఫొటో. కింద 'స్టౌ రిపేరు ఏడుకొండలు గారికి అశ్రునివాళి' అని ఉంది. ఏబెల్ దాని ముందు ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. పక్కనున్న ఆటో అతను, "ఎటు వెళ్ళాలి పెద్దాయనా?" అని రెండుసార్లు అడిగాడు.

పెద్దకర్మకు వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు.

ఇరవై రోజుల తర్వాత ఒక సాయంత్రం ఏడుకొండలు కూతురు గీతాంజలి వచ్చింది. నలభైకి దగ్గరలో ఉంటుంది. అంగన్‌వాడీలో పనిచేస్తుంది. గుమ్మంలోనే నిలబడింది. చేతిలో పాత క్యాలెండరు కాగితంలో చుట్టిన రికార్డు.

"నాన్న మీకిమ్మన్నాడండి. పోయేముందు రెండు మూడుసార్లు చెప్పాడు."

"కూర్చోమ్మా."

"పర్వాలేదండి. పిల్లలొచ్చే టైమైంది."

"ఏమన్నా చెప్పాడా?"

"'వాడికిచ్చి మంచి మిషను మీద వినమను' అన్నాడండి. ఇంకేం చెప్పలేదు."

ఆమె వెళ్ళాక ఏబెల్ కాగితం విప్పాడు. రికార్డు మీద ఒక్క గీత కూడా లేదు. ఎవరూ వేయని రికార్డు. నలభై ఏళ్ళు బట్టల అడుగున ఉన్నట్టు కలరాఉండల వాసన.

మంచి మిషను. ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. గొట్టంలో వినిపించింది నిజం కాదని ఏడుకొండలు చెప్పదలిచాడా? పోయే ముందు కూడా వాడు తప్పు తన పెట్టె మీద వేయాలనుకున్నాడా? అలాగైతే వినాల్సిందే. విని, పెట్టె సరిగానే అందించిందని తేల్చుకోవాలి. అది తేలకుండా నిద్ర పట్టేలా లేదు.

"రికార్డు వేసే మిషను కావాలమ్మా," అన్నాడు గ్లోరితో.

గ్లోరి ఫోనులో వెతికింది. సూట్‌కేసులా మూతపెట్టే ఎర్ర రెక్సిను మిషను ఒకటి కనిపించింది. స్పీకర్లు దానిలోనే ఉన్నాయి. చవక. ఇంకేం చూడకుండా తెప్పించింది. వారానికి వచ్చింది.

మంచం పక్కన స్టూలు మీద పెట్టి వేశారు. గరగరమంటూ పద్యం మొదలైంది. నలభై ఏళ్ళ తర్వాత ఆ గొంతు గదిలోకి వచ్చింది. గ్లోరి తండ్రి మొహం చూసి పక్కకు తిరిగింది. పద్యం అయింది. రాగం ఎత్తుకుంది. గొంతు పెరిగేసరికి మిషనులోని స్పీకర్లు అదిరాయి. ఆ అదురుకు సూది ఎగిరి అవతల పడింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అక్కడే ఎగిరింది. రాగం చివర వినపడలేదు.

తన గుండె తేలికపడటం ఏబెల్ గమనించాడు. ఎందుకు తేలికపడిందో ఆలోచించలేదు.

మెయిన్ రోడ్డులో ఇమ్మాన్యుయేల్‌ది టీవీలు బాగుచేసే షాపు. ఒకప్పుడు వాళ్ళది మైకు సెట్టు. ఆదివారం చర్చిలో ఏబెల్ పెట్టె పక్కన మైకు సర్దేది అతనే. ఎర్ర మిషను పట్టుకుని ఏబెల్ అక్కడికి వెళ్ళాడు.

"సూది మీద రూపాయి బిళ్ళ పెడితే ఆగుద్దేమోరా. మీ నాన్న పెట్టేవాడు."

"మా నాన్న పెట్టేవాడు, రికార్డులు చచ్చేవి," అన్నాడు ఇమ్మాన్యుయేల్. "ఇప్పటికే ఈ సూది బరువు ఎక్కువ బాబాయ్. రూపాయి పెట్టావనుకో, నాలుగుసార్లకి గాడి అరిగిపోద్ది. ఉన్నది ఒక్క రికార్డేగా?"

"ఒక్కటే."

"మరి దాంతో ఆటలాడకు. ఇది బొమ్మ. చూడ్డానికి బాగుంటది. వెనక్కి పంపించేయమను."

"మంచిది కొనాలంటే లక్షలవుద్దంటగా?"

"ఎవడు చెప్పాడు? సంగీతం వినడానికి లక్షలెందుకు, చెవులుండాలి." ఇమ్మాన్యుయేల్ కాగితం మీద చిన్న బొమ్మ గీశాడు. "మూడు చూసుకో. ఒకటి, సూదిని మోసే చెయ్యి ఉంటదే, దాని వెనకాల తిప్పే బరువు ఉండాలి. ముందు సూది ఎంత నొక్కాలో దాంతోనే సరిచేసేది. రెండు, సూది మార్చుకునేలా ఉండాలి. మూడు, స్పీకర్లు అందులో ఉండకూడదు. దేనికది విడిగా ఉంటే అదురు సూది దాకా పోదు. ఆంప్లిఫయరు, స్పీకర్లు నా షాపులో పాతవున్నాయి, తీసుకుపో. మిషను ఒక్కటి కొనుక్కో. మన జీతాలకి అందేవే ఉన్నాయి."

"నీకు జీతమెక్కడిదిరా?"

"నీ పెన్షను చూసి చెబుతున్నాలే."

గ్లోరి ఆ కాగితం ముందు పెట్టుకుని మళ్ళీ వెతికింది. ఆ నెల జీతంలో మిగిలిందంతా పట్టింది గానీ, దొరికింది. నల్లటిది, బల్లపరుపుగా, ఏ అలంకారమూ లేకుండా. రబ్బరు బెల్టుతో పళ్ళెం తిరుగుతుంది. వచ్చేసరికి మే నెల సగమైంది.

ఇమ్మాన్యుయేల్ ఒక శనివారం మధ్యాహ్నం షాపు మూసి వచ్చాడు. గ్లోరి స్కూలు పనిమీద వెళ్ళింది. స్టూలు కుదరదన్నాడు. గోడవారన ఇటుకలు పేర్చి, మీద కడపబండ ముక్క వేసి, మేస్త్రీ దగ్గర అరువు తెచ్చిన రసమట్టం పెట్టి చూశాడు. ఒకపక్క అట్టముక్క దూర్చాడు. బుడగ మధ్యకు వచ్చింది. బరువు తిప్పి చెయ్యి గాలిలో తేలేలా చేసి, తర్వాత సూదికి కావాల్సినంతే ఇచ్చాడు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డు వాటర్‌తో మెత్తటి గుడ్డ తడిపి, గాడి వెంట గుండ్రంగా రికార్డు తుడిచాడు. ఏబెల్ చూస్తూ కూర్చున్నాడు. మనిషిని పెళ్ళికి తయారుచేస్తున్నంత ఓపికగా చేస్తున్నాడు అనుకున్నాడు.

"రికార్డు అంచులు పట్టుకో. చెయ్యి నువ్వు దించకు, ఈ పుల్ల వంచితే అదే దిగుద్ది," అన్నాడు ఇమ్మాన్యుయేల్.

దిగింది. గరగర లేదు. ముందు నిశ్శబ్దం వినిపించింది, దుప్పట్లు కొట్టిన ఆ గది నిశ్శబ్దం. ఎవరో గొంతు సవరించుకున్నారు. అప్పుడు పెట్టె పలికింది.

ఏబెల్ వెంటనే తన హార్మోనియం దగ్గరకు జరిగి నాలుగున్నర మెట్టు నొక్కాడు. రికార్డులో పలికేదీ ఇదే పెట్టె. అవే రీడ్లు. రికార్డులో శ్రుతి కొంచెం పైన ఉంది.

"మిషను పరిగెత్తుతోందిరా. పావు శ్రుతి ఎక్కువ."

ఇమ్మాన్యుయేల్ ఆశ్చర్యపోయాడు. "నాకేం తెలీడం లేదు బాబాయ్. కానీ నువ్వన్నావంటే ఉంటది." మిషను పైకెత్తి, అడుగున చిన్న రంధ్రంలో సన్న స్క్రూడ్రైవరు పెట్టాడు. "నువ్వు మెట్టు నొక్కి పట్టుకో. కలిసినప్పుడు చెప్పు."

ఇమ్మాన్యుయేల్ వెంట్రుకవాసి తిప్పడం, సూది దించడం. ఏబెల్ తల అడ్డంగా ఊపడం. ఏడెనిమిదిసార్లకు రెండు శ్రుతులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గదిలో రెండు పెట్టెలున్నాయని తెలియనంతగా.

"ఇప్పుడు ఉంది," అన్నాడు ఏబెల్. "వెయ్యి."

పద్యం సాగింది. ఇద్దరూ కదలలేదు. రాగం ఎత్తుకుంది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. పైకి పోయింది. చివరి మలుపు దగ్గర గొంతు పక్కకు తప్పి చీలింది. వినగడపలో కూసిన కూతే.

ఏబెల్ ఊపిరి వదిలాడు.

"చూశావా? వాడి గొంతే."

 ఇమ్మాన్యుయేల్ సూది లేపి కొంచెం వెనక్కి పెట్టాడు. తల స్పీకరు వైపు వంచాడు. మళ్ళీ అదే చోటు వచ్చింది.

"బాబాయ్, దానికి ముందు పెట్టెలో ఏదో వచ్చింది."

"ఏమొచ్చింది?"

"నాకు స్వరాలు తెలీదు. ఏదో ఒకటి పలికి, మళ్ళీ మాయమైంది."

"సూది తప్పయి ఉంటది. లేదా వేగం ఇంకా కుదరలేదు."

"వేగం తప్పితే ఇద్దరూ కలిసే తప్పుతారు కదా," అన్నాడు ఇమ్మాన్యుయేల్, నెమ్మదిగా. "గొంతు, పెట్టె రెండూ ఒకే పళ్ళెం మీద తిరుగుతున్నాయి. మిషను ఎంత పాడుదైనా వాళ్ళిద్దర్నీ విడదీయలేదు."

ఆ సంగతి ఏబెల్‌కు తెలుసు. అరవై ఏళ్ళుగా శ్రుతి పట్టుకుని బతికినవాడికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. షాపులో ఎవరో ఎదురుచూస్తున్నారని ఫోను వస్తే ఇమ్మాన్యుయేల్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "తర్వాత విందువులే బాబాయ్, ఇవాళ్టికి ఆపు," అన్నాడు. ఏబెల్ తల ఊపాడు.

అతను వెళ్ళాక తనే రికార్డును అంచులు పట్టుకుని సర్దాడు. పుల్ల వంచాడు. కళ్ళు మూసుకున్నాడు.

గొంతు ఉండాల్సిన స్వరం మీదే ఉంది. గట్టిగా, నిండుగా ఉంది. పై మెట్టుకు లేవబోతోంది. సరిగ్గా ఆ రెప్పపాటులో పెట్టె అందించింది. తెల్ల మెట్టు పలకాల్సిన చోట దాని పక్క నల్ల మెట్టు పలికింది. అర శ్రుతి పైన. ఏబెల్‌కు తన వేలు కనిపించింది. ఆ గది చల్లదనంలో కొయ్యబారిన ఉంగరపు వేలు జారి పక్క మెట్టు మీద పడింది.

గొంతు ఆగింది. ఎంతసేపో కాదు. గాలి లోపలికి పోయిన చప్పుడంత. ఏడుకొండలుకు తెలుసు, తను వెళ్ళాల్సిన చోటు అది కాదని. పెట్టె ఒకటి చెప్పింది, తన చెవి ఒకటి చెప్పింది. ఆ ఊపిరిలో ఆలోచించుకున్నాడు. తన స్వరాన్ని వదిలేశాడు. పెట్టె చూపించిన చోటుకు వెళ్ళాడు.

అప్పటికే పెట్టె అక్కడ లేదు. ఏబెల్ వేలు తప్పు తెలుసుకుని తెల్ల మెట్టు మీదకు వచ్చేసింది. దొంగలా, మెత్తగా. గొంతు ఒక్కటే అక్కడ మిగిలింది. కింద ఆనడానికి ఏమీ లేక చీలింది.

తర్వాత పెట్టె స్వచ్ఛంగా, తప్పులేకుండా, చివరిదాకా పలికింది.

రికార్డు అయిపోయింది. ఆ మిషను దానంతటది ఆగదు. పళ్ళెం తిరుగుతూనే ఉంది. చివరి గాడిలో సూది టక్, టక్ మని కొట్టుకుంటోంది. ఏబెల్ దాన్ని లేపలేదు.

తెర వెనకాల రంగు తుడుచుకుంటూ ఏడుకొండలు అన్న మాట ఇప్పుడు వేరేగా వినిపించింది. పెట్టె తప్పు చెప్పదు. వాడు ఒప్పుకోలేదు. నలుగురి ముందు ఏబెల్ అన్న మాటను కిందపడనివ్వలేదు. అంతే చేశాడు. మద్రాసులో పక్కనే కూర్చున్నవాడికి, చెవి ఉన్నవాడికి, ఆ నల్ల మెట్టు ఆరోజే వినపడింది. నలభై ఏళ్ళు స్టౌ బర్నర్లు ఊదుతూ, రోడ్డు అవతల నడిచిపోయే ఏబెల్‌ను చూస్తూ, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏబెల్ మొహాన కూడా చెప్పలేదు. మంచి మిషను మీద వినమని మాత్రం చెప్పాడు. అదీ ఇక తను ఎదురుపడనక్కర్లేదని తెలిశాక.

గ్లోరి వచ్చేసరికి అయిదు దాటింది. సూది ఇంకా కొట్టుకుంటోంది. తను లేపి మిషను ఆపింది.

"నాన్నా, అన్నం ముట్టలేదేంటి? ఒంట్లో బాగాలేదా?"

"వాడికి సరైన స్వరం తెలుసమ్మా," అన్నాడు ఏబెల్. "అది వదిలేసి నా వెంట వచ్చాడు."

"ఎవరు నాన్నా?"

"నేను వాణ్ణి అక్కడే వదిలేసి వచ్చేశాను."

 గ్లోరి కంచంలో అన్నం కలిపి తెచ్చి చేతిలో పెట్టింది. తండ్రి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చల్లారిపోయింది.

మర్నాడు ఆదివారం. ఏబెల్ చర్చికి వెళ్ళలేదు. పెట్టె వాయించడానికి ఆ రోజు వేరేవాళ్ళను చూసుకోమని ఇమ్మాన్యుయేల్‌కు ఫోను చేశాడు. ఆటో పిలిచి మిషను, ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు ఎక్కించాడు. రికార్డును క్యాలెండరు కాగితంలోనే చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. గీతాంజలి ఇంటి ముందు దిగాడు.

ఆమె వాకిట్లో గిన్నెలు తోముతోంది. తడిచేతులతో లేచింది.

"ఏంటండీ ఇవన్నీ?"

"మీ నాన్న పాట తెచ్చానమ్మా. కొంచెం చోటు చూపించు."

టీవీ బల్ల మీద సామాన్లు తీసి చోటు చేసింది. ఏబెల్ తీగలు తగిలించాడు. రెండుసార్లు తప్పాడు. పళ్ళెం తిరిగింది. సూది దిగింది.

పద్యం మొదలైంది. గీతాంజలి గోడకు చేరగిలబడి నిలబడింది. కొంచెంసేపటికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది నాన్నేనా అండి?"

"మీ నాన్నే."

"ఇంట్లో ఎప్పుడూ పాడలేదండి. ఒక్కసారి కూడా. కూనిరాగం కూడా తీసేవాడు కాదు. నాన్న పాడతాడని అమ్మ చెప్తే, ఊరికే అంటుందనుకునేదాన్ని."

ఏబెల్ తల ఎత్తలేకపోయాడు. రాగం ఎత్తుకుంది. ఆ చోటు వచ్చింది. నల్ల మెట్టు పలకగానే ఆయన వేలు చూపించాడు.

"ఇక్కడ. ఇప్పుడు పలికిందే, అది నేను. తప్పు నాది. ఆయన దాన్ని పట్టుకుని వెళ్ళాడు. అందుకే గొంతు పగిలింది. ఆయన తప్పేనని నలుగురి ముందు నేను చెప్పాను. నలభై ఏళ్ళు అదే అనుకున్నాను."

గొంతు చీలింది. పెట్టె చివరిదాకా పలికి ఆగింది.  బయట పంపు కింద గిన్నె నిండి నీళ్ళు పారుతున్నాయి.

"ఇది ఆయనకి చెప్పాల్సిందండీ," అంది గీతాంజలి. గొంతులో కోపం లేదు. "మొన్న ఫిబ్రవరి దాకా బడ్డీలోనే కూర్చున్నాడు."

"అవునమ్మా."

"నాకు చెప్తే ఏం చెయ్యను?"

 ఆమె వెళ్ళి పంపు కట్టేసి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తిరుగుతున్న పళ్ళెం వైపు చూసింది.

"పగిలేదానికి ముందుదాకా వినొచ్చా? అక్కడ ఆపేయొచ్చా?"

"ఆపొచ్చు."

"నాకు నేర్పండి."

ఏబెల్ రికార్డు తీసి ఆమె చేతికిచ్చాడు. అంచులు మాత్రమే పట్టుకోవాలని చెప్పాడు. గాడిని వేలితో తాకకూడదన్నాడు. సూదిని చేత్తో దించకూడదు, పుల్ల వంచితే అదే దిగుతుంది, లేపాలంటే అదే పుల్ల పైకెత్తాలి అన్నాడు. ఆమె పళ్ళెం మీద రికార్డు పెట్టడంలో మొదటిసారి మధ్య రంధ్రం కుదరలేదు. ఆయన సాయం చేయబోయి ఆగాడు. రెండోసారి కుదిరింది. గీతాంజలి కింద కూర్చుని, ఊపిరి బిగబట్టి, పుల్ల వంచింది. పుల్ల మీద నుంచి చెయ్యి తీయలేదు, ఎప్పుడు పైకెత్తాలో ఏబెల్ చెప్తాడని. ఆయన పక్కనే నేలమీద కూర్చుని, ఆ చోటు కోసం వింటున్నాడు.